ఒడ్డు మీద ఇంజను

ఉమ్మల్ ఖువైన్ యార్డుల నాలుగు ఇనుప కాళ్ళ మీద
పడవ నిలబడ్డది.
వంగి చూస్తే ప్రొపెల్లరుకు
గుల్లలు ఇంకా అంటుకొనే ఉన్నయి.
సముద్రం వాసన మాత్రం ఎండకు పోయింది.

ఆగస్టు. నీడలనే నలభై ఏడు.
హాల్వర్ సారు దీన్ని ఓడ మీదేసి
తన ఊరికి తీస్కపోతున్నడు.
అక్కడ చలికాలం నీళ్ళు రాయి అయితయట,
ఇంజను లోపల గిలాసెడు మిగిలినా
ఉబ్బి ఇనుమును చీలుస్తయట.
తల ఊపిన.
నేను చూసిన మంచుగడ్డ
సోడా బండి మీద రంపపు పొట్టుల దాచిందే.

సముద్రాన్ని తాగే గొట్టం ఊడదీసి
నీలం డ్రమ్ముల ముంచిన.
రఫీఖుల్ చేతిల నల్లా పైపు,
అందులకెల్లి ముందుగాల వచ్చినవి
చాయపత్త వేసుకుంటే సరిపోయేంత వేడి నీళ్ళు.
"డ్రమ్ము సగానికి దిగితే ఒర్రు" అన్న,
ఇద్దరికీ సగం సగమే వచ్చిన హిందీల.
"నీళ్ళు ఆగినయంటే ముప్పై సెకన్లే,
లోపలి రబ్బరు రెక్కలు మాడిపోతయి."

తాళం తిప్పిన.
దగ్గింది. మళ్ళా దగ్గింది. అందుకున్నది.
నీళ్ళ మీదైతే సగం చప్పుడు సముద్రమే మింగుతది,
ఇక్కడ మొత్తం మన పండ్లలకే వస్తది.
వెనక గొట్టం దిక్కు చూస్తున్న.
పొగ. ఒట్టి పొగ.
ఒకటి, రెండు, మూడు అనుకుంట
పదకొండు దాక వచ్చిన.

పద్నాలుగేండ్లప్పుడు
గంభీరావుపేట అవతల బాలవ్వ చెలక,
స్టార్టరు డబ్బా పక్కన నా మంచం.
కరెంటు రాత్రి రెండింటికి.
మోటరు చప్పుడుకు నిద్ర పట్టింది,
బోరు ఎప్పుడు అడుగంటిందో తెల్వది.
తెల్లారంగ లేపింది వాసన,
రాగి తీగ మీది పూత కాలిన వాసన.
బాలవ్వ తిట్టలేదు.
పైకి గుంజిన మోటరు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమంటె తీసి
"పాపం, దూపకు సచ్చింది" అన్నది.
దాన్ని సైకిలు మీద కట్టుకపోయిన వైండింగు దుకాణంలనే
ఆరేండ్లు ఉండిపోయిన.

పన్నెండు.
గొట్టం ఒకసారి ఉమ్మింది, ఆగింది,
అటెన్క దబదబ పోసింది.
"నాంపెల్లి భాయ్!" అని రఫీఖుల్ ఎగిరిండు,
నేనే పోయించినట్టు.
దోసిట్ల పట్టి నాలుకకు తాకించిన.
డీజిలు చేదు, దాని ఎనక ఉప్పు.
మూడో డ్రమ్ముకు ఉప్పు సన్నబడ్డది.
ఆరో డ్రమ్ముకు డీజిలొక్కటే.

వేడి ముల్లు పైకి ఎక్కాలె,
లోపలి చిన్న తలుపు తెరుచుకోవాలె.
తొందరపడి ముందే పోస్తే మందు
బయటి దారి పట్టుకొని తిరిగొస్తది,
ఉండాల్సిన తావుకు పోనే పోదు.
ఇది కుంజుమోన్ నేర్పిండు,
ఒక ఇంజను పగలగొట్టుకున్నంక.

నల్లా కట్టించి గులాబి మందు కుమ్మరించిన.
లగ్గంల పంచే షర్బతు రంగు.
డబ్బా మీద రాసి ఉన్నది: మైనస్ నలభై.
నుదుటి చెమట ఆ అంకె మీదనే కారి
మైనస్‌ను తుడిచింది.

గొట్టం గులాబిగ కక్కంగనే ఆపేసిన.
అంత సేపటి చప్పుడు పోయేసరికి
పక్క షెడ్డుల ఎవరో చెంచాతోని
చక్కెర కలుపుతున్నది వినబడ్డది.
"ఆ దేశంల మరి తాగే నీళ్ళు ఎట్ల?" అని రఫీఖుల్.
నాకేం ఎరుక.

చెవి తెగిన యార్డు పిల్లి
ఇసుక మీది గులాబి మడుగును వాసన చూస్తున్నది.
తియ్యగుంటది ఆ మందు, దాని మాయే అది.
చెప్పు విసిరితే ఉరికి
పడవ కాలు చుట్టు తిరిగి మళ్ళా వచ్చింది.
పారతోని ఇసుక కప్పిన, తొక్కిన, ఇంకింత కప్పిన.
పైపు విప్పి కొత్త మూతల నీళ్ళు పట్టిన.
కాలుతున్నయి.
మూతి పెట్టి ఎనక్కి తీసి
మూత ముంగట కూసున్నది పిల్లి.
చల్లారేదాక నేనూ కూసున్న.