ఎనిమిది పోగులు

కొత్తవాడల మా డాబా మీద దుర్భిణి,
కింద పాత మగ్గం గదిల కంప్యూటర్.
మగ్గం లేదు. గుంట మాత్రం ఉంది.
దాని మీద బల్ల వేసి
కాళ్లు గుంటలకు వేలాడేసుకొని కూసుంట.

యూఎస్‌బీ తీగకు అయిదు మీటర్లకే ఆయాసం.
అతికి పొడుగు చేస్తే
గొల్లకావడి సగం దాకా దిగి ఆగిపోతది.
కావడి కొసలుంటయి, గొల్లాయన ఉండడు.
‘పరికరం గుర్తించబడలేదు’ అంటది తెర,
రేషన్ దుకాణంల మిషిని
మా అత్త వేలిని కాదన్నట్టు.

పోయిన మార్గశిరమంతా
లాప్‌టాప్‌ను పైకే మోసిన.
మంచుకు మీటలు తడిసె, వేళ్లు కొంకర్లు పోయె.
తెర వెలుగు కండ్లల్ల కొట్టి
అసలు చుక్కలే కానరాకపాయె.
మిగిలిన తీగను కోతులు కొరికినయి.

ఆఖరికి కేబుల్ మార్కండిని పిలిచిన.
భుజాన నీలం తీగ చుట్ట, బుగ్గల పోకముక్క.
“ఈథర్‌నెట్టు వంద మీటర్లు ఉరుకుతది టీచరమ్మా,
మీ చుక్కలెంత దూరమో నాకు తెల్వదు గని.”

కెమెరా పక్కన అరచెయ్యంత పెట్టె,
నడుమ జానెడు యూఎస్‌బీ.
అక్కడినుంచి కిందికి
కోతులకు అందకుండ పైపుల నీలం తీగ.

గుంట గట్టున కూసొని తొడుగు ఒలిచిండు.
మెలివడ్డ నాలుగు జంటలు విప్పి
ఎనిమిది పోగులు బొటనవేలి మీద పరిచిండు.
నారింజ చార, నారింజ, పచ్చ చార,
నీలం, నీలం చార, పచ్చ...
కండ్లు గోడ మీదనే ఉన్నయి,
వేళ్లే చదువుకుంట పోయినయి.
“ఒక్క పోగు తారుమారైతే పువ్వు పడదు,
మా నాయిన గీ గుంటలనే జంపఖానా నేసేటోడు.”

ఇల్లు ఎప్పుడు చేతులు మారిందో
నేను అడగలే.

పచ్చ దీపం కొట్టుకున్నది.
పిల్లలకోడి బొమ్మ
పైనుంచి వరుస వెంబడి వరుస
తెర మీదికి దిగుతుంటే
మార్కండి వంగి పిల్లల్ని లెక్కవెట్టిండు.
ఏడు దాటినంక మర్లా మొదటికొచ్చిండు.
“గిన్ని ఉంటయా?”

పిన్నులకు పైసలొద్దన్నడు,
తీగకే తీసుకున్నడు.

కత్తిరించిన రంగు కొసలు
గుంటల పడ్డయి.
ఇయ్యాల ఊడ్వబోయి
చీపురు గోడకానిచ్చిన.