తోక లేని అక్షరం

పొద్దున ఏడున్నరకి ఫైలు వచ్చింది.
దానితో ఒకే ముక్క: అచ్చు శుక్రవారానికి కావాలి.
తెరిచాను. తెర ఖాళీ.

మరీన్య గ్రాండ్‌లో ఇరవై రెండేళ్లుగా ఇదే కుర్చీ నాది,
కంగారు పడలేదు.
దూరం జరిగి చూశాను. ఇంకా దూరం.
సున్నా బిందువుకి నాలుగు మీటర్ల అవతల
గాలిలో వెల్లకిలా పడి ఉంది
మాత్రల డబ్బా మూత.

దగ్గరికి లాక్కొచ్చి, బోర్లించి, పొడవు అడిగాను.
ఆరు, అంది.
ఆరేమిటి?
అంగుళాలైతే డబ్బా,
మిల్లీమీటర్లైతే చీమల ఆసుపత్రికి పంపాలి.
అంగుళాలే అనుకున్నాను.

చరిత్ర అడిగాను.
గీసినవాళ్ల దగ్గరైతే ఒక చెట్టు ఉంటుంది:
మొదట ఏ గీత, తర్వాత ఏ గుంత,
ఎక్కడ మూల గుండ్రం చేశారు,
ఎక్కడ మనసు మార్చుకుని చెరిపారు.
నాకు చేరిన చెట్టుకి ఒకటే కొమ్మ.
దాని పేరు "దిగుమతి ఒకటి".
పుట్టుపూర్వోత్తరాలు దారిలో ఎవరో ఊడ్చేశారు.
మిగిలింది చర్మం,
వెయ్యిన్నీ మూడువందల పన్నెండు తునకల చర్మం,
అందులో మూడు చోట్ల కుట్లు ఊడి
ఎర్రగా నోరు తెరుచుకుని.

కుట్టాను.
జుట్టుకన్నా సన్నటి తునక ఒకటి అడ్డం వస్తే పీకేసి
పక్కనున్న ముఖాన్నే అక్కడిదాకా సాగదీశాను.
కాఫీ చల్లారింది.
టూల్‌పాత్ లెక్క నడిచింది, పచ్చగీతలు దువ్విన జుట్టులా పడ్డాయి.
ఒక్కచోట మాత్రం
దువ్వెన ఆగకుండా జారిపోయింది.
ఆగాల్సిన చోట ఆగకపోవడం
నాకు ఎప్పుడూ నచ్చదు.

ఏడు గదులు, ఏడు అక్షరాలు.
మా భాషలో వారాలకి గ్రహాలు లేవు, దేవుళ్లు లేరు.
రెండోది, మూడోది, నాలుగోది, ఐదోది, ఆరోది.
శనికీ ఆదివారానికీ మాత్రం దయతలచి పేర్లు పెట్టారు.
అందుకే మూత మీద
ఎస్, టి, క్యూ, క్యూ, ఎస్, ఎస్, డి.
యంత్రానికి ఇవి అక్షరాలు కావు,
గోడలు, నేలలు, గోడలు.
కాబట్టి అది గమనించలేదు:
రెండో క్యూకి తోక లేదు.
ఉత్త సున్నా.
ఏ వారమూ కాని వారం.

ఫోన్ చేశాను. బ్ర్నోలో లిబుషె అనే అమ్మాయి ఎత్తింది.
"మా తెర మీద ఉంది కదా తోక, దోనా ఒతీలియా."
మళ్లీ పంపింది.
మళ్లీ లేదు.
ఆమె దగ్గర ఉన్నది ఉంది, నా దగ్గర లేనిది లేదు,
ఇద్దరం అబద్ధమాడలేదు.
మధ్యలో ఎక్కడో పడిపోయింది తోక,
ఏ కేబుల్ అడుగునో.

నేనే గీశాను.
నాలుగు గీతలు, ఒక వంపు.
మొదటి క్యూ తోకని నకలు తీసి అతికించొచ్చు, సులువే,
కానీ అది కూడా తునకలై ఊడొచ్చింది.
పైగా, నిజం చెప్పాలంటే, గీయాలనిపించింది.
ఆరు పదుల వంతు కత్తి ఆ మొనలోకి దిగదు,
చివర కాస్త మొద్దుబారింది.
కాస్త పొడుగైంది కూడా.

బుధవారం రాత్రంతా ఉక్కులో ఎదురు తిరిగిన అక్షరాలు తవ్వింది యంత్రం.
గురువారం అద్దంలా తోమాడు జెఫెరీను,
డెబ్భై నాలుగేళ్ల వేళ్లతో, వజ్రపు పేస్టుతో,
రేడియోలో ఫుట్‌బాల్ వింటూ.

శుక్రవారం మొదటి మూత ఇంకా వేడిగా ఉండగా
అద్దాల కోసం జేబు తడుముకుని, దొరక్క,
బొటనవేలితో చదవడం మొదలుపెట్టాడు.
రెండోది. మూడోది. నాలుగోది.
వేలు ఆగింది.
వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది.
"ఇది వేరే చేయి రాసింది," అన్నాడు.

నేను వైస్ బోల్టులు విప్పుతున్నాను.
అవుననలేదు, కాదనలేదు.

"మంచిదే," అన్నాడు కాసేపాగి.
"రక్తపోటు మాత్ర ఐదోరోజు రెండు వేసుకోవాలి నేను."
మూత చొక్కా జేబులో వేసుకున్నాడు.
అది మొదటి నమూనా, పార్టీకి పంపాల్సింది.
రెండోది తీయమని యంత్రానికి చెప్పాను.