రెండో తలుపు

సంచిలో రెండు కాగితాలతో సంగడిగుంట వెళ్ళాను.
పచ్చది లైసెన్సు. లేకపోతే గదికి తాళం.
తెల్లది రేటింగు. ఇష్టముంటేనే.
ఒకటి నుంచి ఐదు దాకా చుక్కలిస్తారు,
వద్దన్నా ఎవరూ ఏమీ అనరు
అని ట్రైనింగులో మూడుసార్లు చెప్పారు.
మూడుసార్లు చెప్పారంటేనే నాకు అనుమానం.

మస్తాన్‌బీ గది ముందు నీళ్ళ తొట్టి,
పక్కన చెంబెడు పుల్లమజ్జిగ, కొబ్బరినూనె సీసా.
మిర్చి యార్డు నుంచి వచ్చే తల్లులు
మోచేతుల దాకా కడిగి, మజ్జిగ పోసుకుని,
నూనె రాసి, మళ్ళీ కడిగి,
అరచేతులు ఆమె ముక్కు కింద పెట్టాలి.
ఘాటు తగిలిందా, బిడ్డనివ్వదు.
"రోజంతా తొడిమలు తీసిన చేత్తో మొహం తుడుస్తావా?
ఇంకోసారి కడుక్కోపో."
ఈ రూలు ఎవరు పెట్టారన్నాను.
"జోజిగాడి కళ్ళు పెట్టాయమ్మా, పోయిన వేసవిలో."

తెల్ల కాగితం ముందు తీశాను, తేలికని.
రంగుల బొమ్మలున్నాయా?
డబ్బా మూతలున్నాయి, దారపు కండెలున్నాయి,
పాత తాళాల గుత్తి ఒకటుంది,
దానికోసం రోజూ యుద్ధం.
చదివి వినిపిస్తారా?
"కరెంటు బిల్లు చదువుతా. అందరం భయపడతాం."
పిల్లల భావాలు గుర్తిస్తారా?
ఉయ్యాల్లో పిల్ల కదిలింది, ఇంకా ఏడవలేదు.
ఆమె కాలు అప్పటికే తాడు మీదుంది.

బ్రాడీపేటలో ఐదు చుక్కల ఇల్లొకటి చూశాను.
గేటుకి ఫ్లెక్సీ, గోడకి జిరాఫీ.
అక్కడ నెల ఫీజు
ఈ సందులో ఎవరి నెల కూలీ కన్నా ఎక్కువే.

"మరి నాకెన్నొస్తాయి?"
రెండు రావచ్చు.
కాటుక డబ్బాలో వేలు ముంచి
నాగూర్ బుగ్గ మీద ఒకటి,
పావని అరికాలికి ఒకటి పెట్టి,
"నేనిచ్చే చుక్కలివి. మీవి మీ దగ్గరే ఉంచండి," అని
పడీపడీ నవ్వింది.

పచ్చ కాగితానికి నవ్వలేదు.
బయటికి రెండో దారి ఉందా?
గదికి ఒకటే తలుపు. తలుపు పక్కనే గ్యాసు పొయ్యి.

మా ఆఫీసులో ఇలాంటప్పుడు అనే మాటొకటుంది.
ఈ గది మూస్తే పదకొండు మంది పిల్లలూ
మిరప రాశుల పక్కన
గోతాల మీద దగ్గుతూ నిద్రపోతారు,
కాబట్టి చూసీచూడనట్టు పో.
అదే అనబోయాను.

ఆమె మార్చి నెల సంగతి ఎత్తింది.
వెనక సందులో గోతాల గోడౌను అంటుకున్న రోజు
పొగ ఈ తలుపులోంచే వచ్చింది.
పిల్లలూ ఈ తలుపులోంచే పోవాలి.
"నాకున్నవి రెండు చంకలు.
ఎవర్ని ముందు ఎత్తుకున్నానో
మిగతావాళ్ళ అమ్మలకి ఇప్పటికీ చెప్పలేదు."
ఎవరికీ ఏమీ కాలేదు.
అయినా చెప్పలేదు.

"చుక్కలు ఇష్టమైతే అన్నారు, బాగుంది.
తలుపు కూడా ఇష్టమైతే అనబాకండి.
ఇంటాయనకి మీ పచ్చ కాగితం చూపించండి.
నేనడిగితే అద్దె పెంచుతాడు."

చూపించాను. అద్దె రెండొందలు పెరిగింది,
గోడకి మాత్రం ఒప్పుకున్నాడు.
జోజి నాన్న మేస్త్రీ.
రెండు ఆదివారాలు కొట్టాడు, కూలి అడగలేదు,
టీ మాత్రం తొమ్మిదిసార్లు తాగాడు.

మూడో వారం టేపు పట్టుకుని వెళ్ళాను.
ముప్పై ఆరంగుళాలుండాలి.
ముప్పై నాలుగున్నర.
చుట్టూ చూశాను. పిల్లలు తప్ప ఎవరూ లేరు.
టేపు కొంచెం వదులుగా పట్టుకున్నాను.

ఉయ్యాల తాడు వదలకుండానే అంది మస్తాన్‌బీ:
"బిగించి పట్టుకోమ్మా.
నువ్వు వదిలితే కాగితం మీద పెరుగుద్ది,
గోడలో పెరగదు."

ఆ కొత్త కంతలోంచే తల బయటపెట్టి
జోజి నాన్నకి కేకేసింది,
సుత్తి పట్టుకురమ్మని.