అంబత్తూరు బిందె

అంబత్తూరు నుంచి పగిలిన బిందె ఒకటి
తణికాచలం ఒళ్లో కూర్చుని బస్సులో వచ్చింది.
నీలం బిందె. మెడ దగ్గర
వెంట్రుకంత సన్నగా మొదలై
భుజం దాకా దిగిన చీలిక.
"వారంలో నలభై వాపసొచ్చాయి మేడమ్,
నీళ్ల లారీ కాడ ఆడవాళ్లు మమ్మల్నే తిడతావుండారు"
సగం తమిళం, సగం తెలుగు,
మిగతాది చేతులతో చెప్పాడు.

గిండీలో మా ల్యాబు.
ఇక్కడి చల్లదనం మెషీన్ల కోసం, మా కోసం కాదు.
మెడ ముక్కని ఉల్లిపొర కన్నా పలచగా కోసి
రెండు గాజుపలకల మధ్య పెట్టి
రెండు వందల డిగ్రీల దాకా కాచాను.
మైక్రోస్కోపులో అంతా చీకటి.
ఏది పాత బకెట్టో, ఏది పాల కవరో
కరిగాక అడిగితే
ఆ చీకటి ఒక్క ముక్క చెప్పదు.

చల్లార్చడం మొదలుపెట్టాను.
నూట ముప్పై దగ్గర ఒక చుక్క.
పక్కన ఇంకోటి.
తెల్లగా గుండ్రంగా విచ్చుకుంటూ
నడుమ నల్లటి శిలువ మోసుకుంటూ
పెరిగి పెరిగి, లారీ ముందు బిందెల్లా
ఒకదాన్నొకటి ఒరుసుకుని ఆగాయి.
తాకిన చోటల్లా ఎవరూ గీయని గీత.

ఆ గీతల్లో ఇరుక్కుని
ఇంకా గడ్డకట్టని బొట్లు: పాల కవరు పాలిథిన్.
ముందు గడ్డకట్టిన పాలిప్రొపిలీన్
నెట్టగలిగినంత నెట్టింది,
నెట్టలేనిది మింగింది, అరగలేదు.
చీలిక కూడా ఆ వెంబడే పోయింది,
కరెంటు పోయిన ఇంట్లో
గోడ తడుముకుంటూ నడిచే మనిషిలా.

ఓబులేసు సార్ కళ్లజోడు ఎత్తి చూసి
"కలిసి కరగడం వేరు, కలిసిపోవడం వేరు.
అమిశ్రణీయం అని రాసెయ్" అన్నారు.
"అంటే?" అన్నాడు తణికాచలం.
నేను మాట వెతుక్కునే లోపు
"ఒట్టాదా?" అని తనే అడిగాడు.
ఆ, అంటుకోవు. అంతే.
మూడు పేజీల రిపోర్టు
అతని నోట్లో ఒక్క మాటయింది.

వందకి అయిదు పాళ్లు
రెంటినీ పట్టి ఉంచే గుళికలు వేయమన్నాను.
ధర చెప్పాను. నవ్వాడు.
"అచ్చులో ఇంకో పది సెకన్లు ఉంచితే?"
నిదానంగా ఆరితే గోళాలు ఇంకా పెద్దవవుతాయి,
మెడ ఇంకా పెళుసు.
బిందెని మళ్లీ చంకనెత్తుకున్నాడు.
"దీన్నెక్కడికి?"
"మిషన్లోకే మేడమ్. పొడి చేసి మళ్లీ పోస్తాం."

సాయంత్రం మా వ్యాసర్పాడి వీధిలో లారీ.
నా ముందు పదకొండు బిందెలు.
ముఖాలు చూడటం మానేసి
మెడలు చూస్తున్నాను.
నాలుగోది, ఆకుపచ్చది,
వెంట్రుకంత.
చెప్పనా వద్దా అనుకునేలోగా
పైపులోంచి నీళ్లు దూకాయి.