రెండు మూసీలు

పొందుగల వంతెన మీద ఒక రాత్రంతా
పోలీసు టార్చి వెలుగులో కూర్చున్నాక
బండినీ నన్నూ ఒకే మందుతో తడిపి
ఊరికి పొమ్మన్నారు.

ఊరు లోపలికి రానివ్వలేదు.
పొలిమేరలో తుమ్మకంప అడ్డం వేసి ఉంది.
అటువైపు నిలబడి తిరపాలు మామ అన్నాడు:
"అబ్బయా, నువ్వు మనోడివేరా.
నీ ఊపిరి మనదో కాదో పద్నాలుగు రోజులు చూద్దాం."

అట్లా నా కాపురం పొగాకు బ్యారన్‌లోకి మారింది.
చివరి కాల్పు అయిపోయినా
గోడలకింకా ఆ తీపి ఘాటు.
పొయ్యి గొట్టం పక్కన నులక మంచం,
మేకుకి వేలాడే పగిలిన ధర్మామీటరు.
వెల్లకిలా పడుకుని పైకి చూస్తే
ఆకు కర్రలు ఆనించే వాసాలు, వరస మీద వరస,
ఒకటి, రెండు, మూడు...
నవ్వొచ్చింది.
ఇక్కడా అంతస్తులే. లిఫ్టు లేదు.

లిఫ్టులు బాగుచేయడం నా పని.
హైదరాబాదులో ఎనిమిదేళ్ళు
పైకీ కిందికీ తిరిగాను గానీ
పక్కకు నడిచింది తక్కువ.
మధ్యలో ఇరుక్కున్న వాళ్ళ గొంతులు తెలుసు,
ముఖాలు తెలియవు.
తలుపు తెరుచుకోగానే గడియారం చూసుకుంటూ పోతారు.
బోరబండ గదిలో నలుగురం, ఒక కిటికీ,
కిటికీకి జానెడు దూరంలో పక్కింటి గోడ.
లాక్‌డౌన్ మొదటి వారమంతా ఆ గోడనే చూశాను.
సిమెంటు పూసిన మేస్త్రీ వేలిముద్రలు
పదకొండు.

అబద్ధమెందుకు, కింద వాటాలో కుల్సుం బీ
రోజూ సాయంత్రం మెట్ల మీద కిచిడీ గిన్నె పెట్టి
గోడ తట్టి వెళ్ళేది.
నగరానికి మనసు లేదని ఎవరన్నా అంటే
నేనొప్పుకోను.
చోటు లేదు, అంతే.

ఇక్కడ మాలకొండమ్మ వదిన
గట్టు మీద రాయి, రాయి మీద సత్తు గిన్నె పెట్టి
పాతికడుగులు వెనక్కి పోయి కేకేస్తుంది:
"సజ్జ సంగటి, గోంగూర. గిన్నె నువ్వే తోముకో!"
నేను తిన్నంతసేపూ ఊరి సంగతులు అరుస్తూనే ఉంటుంది.
టంగుటూరు వేలం ఆగిందట,
బేళ్ళు ఇంటినిండా పేరుకుపోయి
వాటి మీదే పిల్లలకు పక్కలు వేస్తున్నారట,
బర్రె ఈనిందట, దూడ పెయ్యట.
ఎనిమిదేళ్ళలో ఎవరూ నాతో
ఇంత గట్టిగా మాట్లాడలేదు.

ఒక సాయంత్రం తిరపాలు మామ
కంపకు అటువైపు గొంతుక్కూర్చుని బీడీ వెలిగించాడు.
"టీవీలో ఇప్పుడు కొత్తగా చెప్తన్నారు, దూరం దూరమని.
టీ కొట్టు కాడ మా నాయన గ్లాసు చూరులో వేరేగా ఉండేది."
నవ్వలేదు. బీడీ ఆర్పి, కంప సర్ది పోయాడు.
ఆ రాత్రి సంగటి గొంతు దిగలేదు.

ఆరో రోజు నుంచి తెల్లారుజామున
ఎవరూ లేవకముందే మూసిలోకి దిగుతున్నాను.
మాకూ ఒక మూసీ ఉందంటే
గదిలో వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు.
అక్కడిది ముక్కు మూసి దాటిన మూసీ.
ఇక్కడిది ఎండిన ఇసుక, అక్కడక్కడా తుంగ.
మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో చెలమ తీస్తే
ముందు తడి, తర్వాత బురద.
తోడి పారబోసి ఊరుకుంటే
అడుగు నుంచి, ఎవరూ స్విచ్ నొక్కకుండానే
నీళ్ళు పైకొస్తాయి.
నా చేతిలో బాగుపడిన ఏ లిఫ్టూ
అంత నిశ్శబ్దంగా రాలేదు.

పదిహేనో రోజు కంప తీశారు.
వదిన గిన్నె నా చేతికే ఇచ్చింది.
వేళ్ళు తగిలాయి. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

మర్నాడు నేను చెలమ దగ్గర ఉండగా ఫోను.
సూపర్‌వైజరు: "మణికొండలో బి బ్లాకు ఆగిపోయిందయ్యా.
పన్నెండో అంతస్తులో ముసలాయన
మందులకు దిగలేకపోతున్నాడు. ఎప్పుడొస్తావ్?"

నా చేతుల నిండా ఇసుక.
ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి
ఉండండి సార్, అన్నాను,
నీళ్ళు తేరుకుంటున్నాయి.