ఆదివారం జబ్బు

రామతీర్థం నీళ్లలో పట్టిన మార్పుచేప.
బంగారక్క తట్టలో తక్కినవన్నీ కళ్లు తేలేశాక
ఇదొక్కటే మీసాలాడిస్తా ఉంటే
మా కెజియా ఏడ్చి కొనిపించింది.
కూర రేటుకే కొన్నాం, పెంచుకోడానికి.
ఒంగోలు పోయి గాజుతొట్టి తెచ్చాం.
పాలిష్‌లో అంచు విరిగి పారేసిన
చీమకుర్తి నల్లరాతి చెక్క ఒకటి ఇంట్లో ఉంటే
దానిమీద కుదురుగా పెట్టాం.

వారంలో ఆరురోజులు బాగానే ఉండేది.
లేని బురదలో ఏదో దేవులాడుకుంటా
పది నిమిషాలకోసారి పైకొచ్చి
ఒక గుటక గాలి మింగి పోయేది.
ఆదివారమొస్తే మాత్రం
పగిలిన కుండపెంకు కింద దూరి
మీసాలు వెనక్కి మడిచేసేది.
వానపాము వేసినా చూడదు.
గాలి కోసం ఉరుకున వచ్చి ఉరుకున పోతా
గాజుకి తల కొట్టుకునేది.

తొట్టి అమ్మిన మస్తాన్ ఫోన్లో చెప్పేది
కెజియా నా ఎడమచెవిలో అరిచింది:
నీళ్లు మార్చు.
మార్చాను.
కల్లుప్పు వెయ్యి.
వేశాను.
నీలిమందు రెండు చుక్కలన్నాడు,
నా చెయ్యి వణికి ఆరు పడ్డాయి.
తొట్టి సిరాబుడ్డయింది, చేప అట్టే ఉంది.
పేరుకే మార్పు, అని నవ్వింది సలోమి.

ప్రార్థనకి పోని చేపకి
ఆదివారమని ఎట్ట తెలిసింది?

కిరాణాకొట్టు క్యాలెండరు మీద
పాలలెక్క పక్కనే కెజియా రాయడం మొదలెట్టింది.
సోమవారం ఒంటిగంటకి పెంకు కిందికి. ఒకటీ ఇరవైకి బయటికి.
మంగళవారం అంతే.
బుధవారం నేను బడికి పోయాను, తెలీదు.
గుడ్ ఫ్రైడే, రోజంతా లోపలే.
మేడే, రోజంతా.
క్వారీకి డీజిల్ రాని గురువారం, పొద్దున్నించీ.

ఆ రాత్రి అన్నం ముందు కూచుని
నా మొహం తనవైపు తిప్పుకుని చెప్పింది:
"నాన్నా, అది పేలుడుకి దాక్కోట్లా.
మీరు డ్రిల్లులు ఆపితే దాక్కుంటంది.
ఆగిన కాసేపటికి పేలుద్దని దానికి తెలుసు.
ఆదివారం పొద్దున్నించీ ఆగే ఉంటది గదా,
ఇంకా పేల్లేదే అని కాచుకోనుంది."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఒంటిగంటకి మందు పేల్చే ముందు
డ్రిల్లు ఆపే చెయ్యి నాది, ఇరవై రెండేళ్లుగా.
కుడిచెవి ఆ గుంటలోనే పోయింది,
ఎడమది సగం.
క్వారీ రాయీ మా ఇంటికింది రాయీ ఒకే రాయట,
నేను అక్కడ తొలిస్తే
రాయి గాజుకి చెప్పి, గాజు నీళ్లకి చెప్పి,
నా పని మొత్తం
ఈ నల్లముండ పెంకుకింద కూచుని వింటా ఉందన్నమాట.

చర్చిలో పాస్టరుగారు
మౌనంగా ప్రార్థిద్దాం అనగానే
నా వేళ్లు బెంచీ అంచు పట్టేసుకుంటాయి.
భక్తి అనుకుంటది సలోమి.
నేనూ అట్టే అనుకున్నా ఇన్నాళ్లు.

మొన్న ఆదివారం
వంటింట్లో గ్రైండరు మోసుకొచ్చి
తొట్టి పక్కన బండమీద పెట్టి
ఉత్తదే తిప్పాను.
సలోమి పెదాలు కదిలాయి,
రాళ్లరుగుతాయనో, కరెంటు బిల్లు నీ అబ్బ కడతాడా అనో.
కాసేపటికి తనే వచ్చి
దండగెందుకని గుప్పెడు మినుములు పోసి పోయింది.

గాజుకి అరచెయ్యి ఆనించి కూచున్నాను.
చెవికి ఏమీ లేదు. చేతికి ఉంది,
సన్నగా, జాకీ పట్టినప్పటి లాగే.

దానికున్నవి ఎనిమిది మీసాలు.
ముందు ఒకటి వచ్చింది పెంకు బయటికి.
చాలాసేపటికి
ఇంకోటి.