గుమ్మడికాయల గది

ట్యాంకీ దించు, కుళ్లాయప్పా.
ఈ పూట మందు లేదు.
కూలి ఉంది, భయపడాకు. ముందు ఇట్లా రా,
ఈ చీనీ చెట్టు మొదట్లో కూచో,
చీమల బాటకు అడ్డం రాకుండా.

పైకెక్కేవి ఖాళీ కడుపుతో పోతాయి.
దిగేవి చూడు,
గాజుపూసల మాదిరి పొట్టలు మెరుస్తాంటాయి.
యాడ తాగినాయనుకుంటివి?
తొడిమ కాడ ఆ తెల్లపిండి ఉందే,
అదే వాటి పాడి.
మనం బర్రె పొదుగు నిమిరినట్టు
మీసాలతో తట్టి, తట్టి,
పిండినల్లి తియ్యని చుక్క వదిలేదాకా కదలవు.
ఆ పాకం ఆకు మీద కారి మసి పడితే
తాడిపత్రి మండీలో మన కాయను
రెండు వేళ్ళతో ఎత్తి పక్కనేస్తారు.

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు.
మా మూడెకరాల్లో
చీమ ఆజ్ఞ లేనిదే
అక్షింతల పురుగైనా కొమ్మ మీద నిలిచేది లేదు.
కాలు పట్టి లాగి కిందికి తోస్తాయి.

మూడేండ్లు నువ్వూ నేనూ ఏం చేసినాం?
డబ్బా రంగు మార్చినాం.
సాలీళ్ళు చచ్చినాయి, తూనీగలు రావడం మానినాయి.
పిండి ఒక్కటే
అత్తగారింటికొచ్చిన అల్లుడి మాదిరి తిరిగొచ్చింది.
రాత్రిళ్ళు కండ్ల మంటకు నువ్వు
తడిగుడ్డ కప్పుకోని పండుకుంటావని
ఓబుళక్క నాతో చెప్పింది,
నీతో చెప్పొద్దనింది కూడా.

అందుకే విత్తనకాయల గది ఖాళీ చేసినా.
కిటికీకి గోనెసంచి కట్టి
ముప్పై ఎర్ర గుమ్మడికాయలు వరసగా పేర్చి
ఒక్కోదాని మీద
మన తోట పిండినల్లినే కోడి ఈకతో ఎత్తి పెట్టినా.
"దిష్టి తీసే కాయకు దిష్టినే మేపుతోంది"
అనింది మా తోడికోడలు సుంకమ్మ.
నెలకు కాయలన్నీ నెరిసిన తలలైనాయి.
అప్పుడు వదిలినా, ల్యాబు నుంచి తెచ్చిన నూరు పెంకుపురుగుల్ని:
నల్ల వీపు, ఇటికరంగు తల,
మిరియపు గింజంత కూడా లేవు.
ఆ చీకట్లో
చప్పుడు లేని కోత మొదలైంది.

ఇంగ నీ పని విను.
మోకాలెత్తున గుడ్డ చుట్టి దాని మీద గ్రీజు పూయి,
బెరడుకు తగలనీయాకు.
నేలను తాకే రెమ్మలు కత్తిరించు.
గడ్డిపరక చాలు వాటికి, వంతెన కడతాయి.
చీమల్ని చంపొద్దు.
చెదల మీద పడేది అవే, నేల గుల్ల చేసేది అవే.
పాలు పితకడం ఒక్కటి ఆపితే చాలు.
"మందు లేకుంటే రేపు నాకేం పని?" అంటావా.
దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.
ఈ నెలంతా పట్టీలున్నాయి. అంతవరకే చెప్పగలను.

*

పురుగుల్ని వదిలిన పద్దెనిమిదో దినం.
నాలుగో సాలులో గ్రీజు ఎండింది.
ముందు పోయి అంటుకోని చచ్చిన చీమల వీపుల మీదుగా
వెనకవి నడిచిపోయినాయి.
ఆ సాలు పోయినట్టే.

ఆరో సాలు నుంచి కేక:
"అక్కా, పిండి మళ్ళా వచ్చిందే!
ఈసారి దూదిపోగులంత ఉన్నాయి!"

పరిగెత్తినా, చెప్పు తెగింది.
కుళ్లాయప్ప బొటనవేలు
కాయ మీద గాల్లో ఉంది,
నలపడానికి.

ఆగు.
పిండినల్లి అంత బిరబిరా నడుస్తుందా?
అది మన పురుగు బిడ్డ.
పగోడి బట్ట కట్టుకోని
పగోడి ఇంట్లో బువ్వ తింటోంది.

వాడు వంగి చూసినాడు.
మూడేండ్ల మందు తాగి పగిలిన ఆ వేలు
చాలాసేపు కిందికి దిగలేదు.
తెల్లటి బిడ్డ కాయ అంచు దాకా వచ్చి
దాని నీడలో ఒక్క క్షణం నిలబడి
మళ్ళా మేతకు పోయింది.